చేతిపనికి వెల

సికింద్రాబాదు నగరమున రాణీగంజు వీథులలో ఇనుప సామానుల అంగళ్లు బారులు తీరి యున్నవి. నీటిని తోడు మోటారులు మొదలుకొని గోడకు కొట్టు చిన్న మేకు వఱకు అచ్చట దొరకని వస్తువు అరుదు. వానిలో మిక్కిలి సన్ననిది ఫ్రెట్ రంపపు బ్లేడు. దాని పొడవు ఇంచుమించు 5 అంగుళములు. వెడల్పు గడ్డిపోచకంటె ఎక్కువ కాదు. దానిని డజనుల లెక్కన కొనుట మేలు. ఏలయన పనివాడు కొత్తవాడైనచో ఒక పూటలోనే అరడజను విఱుగును. ఇట్టి బ్లేడులను, ఒక చట్రమును, చిన్న ప్లైవుడ్ పలకను కొని తెచ్చుకొని, సెలవు దినములలో దేవుని మందసమునకు జాలీ, గుమ్మమునకు పేరుపలక, తాళపుచెవులు తగిలించు కొయ్య మొదలగువానిని కోయు బాలబాలికలు నగరములలో కలరు. ఉద్యోగము ముగిసి విశ్రాంతి గొనుచున్న పెద్దలును కలరు. వారు చేసిన మొదటి వస్తువు ఇంటనే యుండును. రెండవది బంధువుల యింటికి బహుమానముగా పోవును. నాలుగవదో అయిదవదో అగునప్పటికి ఎవరో ఒకరు చేతిలోనికి తీసికొని, “దీని వెల యెంత?” అని అడుగుదురు.

ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుట కొయ్యను కోయుటకంటె కష్టము. చాలమంది తప్పుగా చెప్పుచున్నారు. ఆ తప్పువలన కలుగు నష్టము చెప్పినవానితోనే ఆగిపోదు; అతడెన్నడును చూడని దూరపు ఊరిలోని పనివాని కూటికిని అది అడ్డుపడును.

ముందు ఆ పనియొక్క స్వభావమును తెలిసికొనవలెను. ఫ్రెట్ రంపమునకు లాడమువలె వంగిన లోతైన ఇనుప చట్రముండును. చట్రపు రెండు కొనల నడుమ బ్లేడును వీణతీగవలె బిగింతురు. బ్లేడు పండ్లు క్రిందికి, అనగా పిడివైపునకు, చూచుచుండవలెను. రంపమును క్రిందికి లాగునపుడు కొయ్య తెగును. పైకి త్రోయునపుడు తెగదు. బల్ల అంచున బిగించిన చీలిక పలకమీద కొయ్యను ఉంచి, రంపమును ఒకేచోట నిలువుగా ఆడించుచు, కొయ్యనే మెల్లగా త్రిప్పవలెను. వడ్రంగి రంపము కొయ్యలోనికి నడచును. ఇచ్చట కొయ్యయే రంపమునొద్దకు నడచును. ఈ భేదము తెలియక రంపమును మెలిత్రిప్పువారే బ్లేడులను విఱుచుచుందురు. లోపలి రంధ్రములను కోయుటకు ముందు సన్నని బరమాతో బెజ్జము వేసి, బ్లేడు ఒక కొనను విప్పి, ఆ బెజ్జమున దూర్చి, మరల బిగించి కోయవలెను. నలువది రంధ్రములున్న జాలీకి నలువది మార్లు ఈ పని చేయక తప్పదు. లోపలి కోతలన్నియు ముగిసిన పిదపనే వెలుపలి అంచును కోయుట నియమము. ముందుగా అంచును కోసినచో పట్టుకొనుటకు చోటుండదు. బలము తగ్గిన పలక చేతిలోనే విఱుగును. విద్యుత్తుతో నడచు స్క్రోల్ రంపము వచ్చిన పిమ్మట భుజపు నొప్పి తగ్గినది. అందు బ్లేడు నిమిషమునకు వేయి మార్లకు మించి ఆడగలదు. అయినను బెజ్జము బెజ్జమునకు బ్లేడును విప్పి బిగించు ఓర్పు మాత్రము పనివాని యొద్దనే యుండవలెను.

ఈ విద్యకు గొప్ప వంశమున్నది. ఫ్రాన్సు దేశమున 14వ లూయీ రాజు కొలువులో నుండిన ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) అను శిల్పి తాబేటిచిప్ప రేకును, ఇత్తడి రేకును ఒకదానిపై నొకటి పేర్చి రెంటిని ఒకేసారి కోసెడివాడు. ఇత్తడి పువ్వు చిప్పలో అమరును. చిప్ప పువ్వు ఇత్తడిలో అమరును. వ్యర్థమగునది మిక్కిలి తక్కువ. ఇంగ్లండులో ఈ రంపమునకు ఆయన పేరే చాలకాలము వాడుకలో నుండెను. అదే దేశమున 1895లో ‘హాబీస్’ అను వారపత్రిక వెలువడి, కోత నమూనాలను పాఠకులకు పంచిపెట్టి, రాజుల కొలువులోని పనిని సామాన్యుల వంటయింటి బల్లమీదికి తెచ్చినది. మన దేశమున మైసూరు శిల్పులు రోజ్‌వుడ్ పలకలలో పొదుగు బొమ్మలను ఇట్టి సన్నని రంపముతోనే కోయుదురు. ఉత్తర ప్రదేశ్‌లోని సహారన్‌పూరు కొయ్య జాలీలకు పేరుగన్నది.

సికింద్రాబాదునకును కొయ్యపని కొత్తది కాదు. ఉజ్జయినీ మహంకాళి ఆలయమున 1815లో మొట్టమొదట ప్రతిష్ఠింపబడిన విగ్రహము కొయ్యదే యని చెప్పుదురు. 1893లో లాలాగూడలో రైల్వే కర్మాగారము వెలసిన కాలమున రైలుపెట్టెలు ముఖ్యముగా కొయ్యతోనే తయారగుచుండెడివి. ఆ కాలపు కర్మాగారములలో కమ్మరికెంత పనియో వడ్రంగికిని అంత పని. ఇప్పుడు పెట్టెలు ఉక్కువి. వడ్రంగము కర్మాగారమును వదలి మేడమీది వరండాలోనికి వచ్చి, కాలక్షేపముగా మారినది.

కాలక్షేపముగా చేసినదానిని అమ్మవచ్చునా యని కొందఱు పెద్దలు సందేహింతురు. డబ్బు రుచి మరగిన బాలునకు చదువుమీద ఆసక్తి తగ్గునని వారి భయము. ఈ భయము కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభయందు గాంధీజీ, చేతిపనిని ఆధారముగా గొని సమస్త విద్యను నేర్పవలెననియు, పిల్లలు చేసిన వస్తువులనుండి క్రమక్రమముగా ఉపాధ్యాయుల వేతనము రావలెననియు ప్రతిపాదించెను. పాఠశాలలు కర్మాగారములగునని, పిల్లలు కూలివారగుదురని నాడు గట్టి విమర్శ చెలరేగినది. ఆ పథకమునకు రూపము దిద్దిన సంఘమునకు డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షుడు. ఆయన 1897లో హైదరాబాదున జన్మించి, 1967లో భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన విద్యావేత్త. రాబడికి ప్రాధాన్యమిచ్చి విద్యా లక్ష్యమును బలిపెట్టు ప్రమాదము కలదని ఆ సంఘమే తన నివేదికలో హెచ్చరించినది. అనగా అమ్మకమును కోరినవారే దాని అపాయమును కూడ ఎఱుగుదురు.

అయినను అమ్మకమునకు ఒక గుణము కలదు. బంధువు మెచ్చుకొనును, మెచ్చుకొనుట ఆయన ధర్మము. మేనత్తకు ఇచ్చిన పలక వంకరగా నున్నను, ఆమె “మా అబ్బాయి చేసినాడు” అని పదిమందికి చూపును. కొనువాడట్లు కాదు. అతడు పలకను వెలుతురునకు ఎత్తి చూచును. అంచు వెంబడి వ్రేలితో రాచి చూచును. వెనుకవైపు త్రిప్పి, అచ్చట రంపము రేపిన ముక్కలను, గరుకు కాగితము తగులని మూలలను కనుగొనును. వెనుకవైపునకు వార్నిషు పూయని పనివానికి అతడే గురువు. ఇంత నిర్మొగమాటమైన పరీక్ష ఏ తరగతిలోను జరుగదు. కావున అమ్మవలదనుట సరికాదు. ఎంతకు అమ్మవలెనన్నదే ప్రశ్న.

ఒక లెక్క వేసి చూతము. పేరుపలకకు ప్లైవుడ్ ఖరీదు 40 రూపాయలనియు, విఱిగిన బ్లేడులకు 30 రూపాయలనియు, గరుకు కాగితము, వార్నిషు కలిసి 20 రూపాయలనియు అనుకొందము. మొత్తము 90. పని అయిదు గంటలు పట్టినది. బాలుడు దానిని 150 రూపాయలకు అమ్మి, 60 రూపాయలు లాభము వచ్చెనని సంతోషించును. లాభము కాదది. అయిదు గంటల శ్రమకు 60 రూపాయలు; గంటకు 12 రూపాయలు! ఈ కూలికి నగరమున ఏ వయోజనుడును పనికి రాడు. గంటకు 60 రూపాయల చొప్పున తన శ్రమను లెక్కించినను ఆ పలక వెల 390 రూపాయలు కావలెను. బరమా అరుగుదలను, పాడైపోయిన మొదటి పలకను ఇందు కలుపనే లేదు.

“సరదాకు చేసిన పనికి గంటలు లెక్కింపనేల?” అని బాలుడు అడుగవచ్చును. ఆ సరదాకు వెల చెల్లించుచున్నవారు వేఱే కలరు. అతడు పని చేయు అయిదు గంటలలో అతని అన్నము తల్లిదండ్రులు పెట్టినారు. కూర్చున్న గదికి అద్దె వారే కట్టినారు. దీపపు ఖర్చు వారిదే. తన కూటికి తాను వెదకుకొననక్కఱలేనివాడే గంటకు 12 రూపాయలకు పని చేయగలడు. 150 రూపాయలు ఇచ్చి ఆ పలకను కొన్నవాడు, కొయ్యపని వెల అంతే యని మనసున గుర్తుంచుకొనును. పిమ్మట అతడు నుమాయిషునకు పోయి, నిజముగా చేతిపనిమీద బ్రతుకువాని అంగడి ముందు నిలిచి, న్యాయమైన వెల విని, “దోపిడి” అని ముఖము త్రిప్పుకొనును. 1938లో ఆరంభమై ప్రతి సంవత్సరము జనవరిలో జరుగు ఆ ప్రదర్శనమునకు ఎన్నో రాష్ట్రములనుండి పనివారు సరకు తెత్తురు. వారెన్నడు వినని ఒక బాలుని ఔదార్యము వారి బేరమును చెఱచును.

ఆ పనివారి శ్రమ ఎట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది. కృష్ణాతీరమునకు చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, సన్నని సెగను చూపి, బొమ్మ అవయవములను వేఱువేఱుగా చెక్కుదురు. చింతపిక్కల జిగురును, రంపపు పొట్టును కలిపి మక్కు చేసి, దానితో చేతులను, తలపాగాలను, అంబారీలను అదుకుదురు. పిమ్మట సుద్ద పూత, ఆపైన రంగులు. నిర్మలులోను పొణికి కొయ్యయే ఆధారము. అచ్చటి బొమ్మ కాయలు, పక్షులు నిజమైనవో కావో అని చేతితో ముట్టి చూడవలసి వచ్చును. పొణికి చెట్లు అడవిలో పలుచబడుటచే ఈ రెండు చోట్లను కొయ్య కొఱత పనివారిని వేధించుచున్నది. వరాహనదీ తీరమున ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనమీద త్రిప్పి, లక్కలో ఆకులు, గింజలు, వేళ్ల రంగులను కలిపి పూయుదురు. ఆ సహజవర్ణములను పునరుద్ధరించినందుకు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించినది. ఈ మూడు ఊళ్ల పనికిని, ఆయా ఊళ్లవారు తప్ప మఱియొకరు ఆ పేరుతో అమ్మరాదని, 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద రక్షణ కలదు.

కొండపల్లి అంబారీ ఏనుగు చిత్రమును ప్లైవుడ్‌మీద అంటించి, చుట్టును కోసి, అవే రంగులు పూసి, “కొండపల్లి బొమ్మ” యని చవుకగా అమ్ముట చట్టమునకు విరుద్ధము. చట్టము లేకున్నను అది తగని పని. ఒక కుటుంబము తరతరములుగా దిద్దుకొనిన రూపమును ఒక సాయంకాలమున దించుకొనుట నేర్పు కాదు. నేర్చుకొనుటకై దించి ఇంట నుంచుకొన్నచో ఎవరును తప్పు పట్టరు. అంగడికి తెచ్చినచో పట్టవలసినదే.

మఱి అభిరుచిగల బాలుడు ఏమి అమ్మవలెను? ఎవ్వరును చేయని వస్తువు అతని కన్నులయెదుటనే యున్నది. అది తెలుగు అక్షరము. విదేశములనుండి వచ్చు కోత నమూనాలలో గుఱ్ఱములు, గ్రద్దలు, ఆంగ్లాక్షరములు నుండును గాని తెలుగు ఉండదు. మన లిపి వంపుల లిపి. సన్నని బ్లేడు వంపులకే పుట్టినది. అయినను ఈ పనిలో చిక్కులున్నవి. ప, స, ష వంటి అక్షరములకు తలకట్టు అక్షరమును తాకదు. కాగితముమీద అందముగానే యుండును గాని, కొయ్యలో కోసినచో తలకట్టు వేఱుగా ఊడి పడును. ఒత్తులు అక్షరమునుండి విడిగా క్రిందనుండును. సున్న ఒంటరిగా నిలుచును. ‘ఠ’ నడుమనున్న చుక్కకు ఆధారమే లేదు. పలకలో అక్షరమును రంధ్రముగా కోసినచో ఇంకొక ఆపద: సున్న లోపలి బిళ్ల జారిపోయి, సున్నకు బదులు గుండ్రని కన్నము మిగులును. కావున ఎచ్చట సన్నని వారధి ఉంచవలెనో, ఎచ్చట ఒత్తును పైకి జరిపి అక్షరమునకు అంటింపవలెనో, అంటించినను చదువరి తప్పుగా చదువకుండునట్లు ఎట్లు వ్రాయవలెనో, ఇదంతయు పెన్సిలుతో మరల మరల గీచి తెలిసికొనవలసిన విద్య. ‘సుబ్బలక్ష్మి’ యను పేరును ఒకే కొయ్యముక్కలో, ఏ భాగమును ఊడకుండ కోయగలిగిన బాలిక తెలుగు లిపిని పదిమంది పండితులు చూడని కోణమునుండి చూచినదనవచ్చును. ఆమె పని ఏ పల్లె శిల్పి కూడును హరింపదు. ఆమె అడిగిన వెలకు పోలిక చెప్పుటకు అంగడిలో మఱియొకటి లేదు.

లేజరు యంత్రము కలదు గదా యని కొందఱందురు. కలదు. నగరమున ఆ యంత్రములు అనేకములు వచ్చినవి. కొయ్యపొడిని జిగురుతో అదిమి చేసిన అట్టలలో, బాలునకు అయిదు గంటలు పట్టు కోతను అవి కొలది నిమిషములలో ముగించును. వేగములోను, చవుకలోను దానితో పోటీపడుట అవివేకము. అయితే దాని అంచు కాలి నల్లబడి యుండును. దళసరి టేకు పలకను చిన్న లేజరు యంత్రము శుభ్రముగా కోయలేదు. ఒక యింటివారు పాత తలుపు చెక్కను తెచ్చి, “మా తాతగారి పేరు దీనిలోనే కోయవలె” ననినపుడు, నారను బట్టి, పాత మేకుల గుంటలను బట్టి పని నడపుటకు మనుష్యుడే కావలెను. అట్టి పనికి వెల అడుగుటకు సంకోచమక్కఱలేదు. రెండు మూడు పలుచని పలకలను మేకులతో కూర్చి ఒకేమాఱు కోయుట కూడ న్యాయమైన ఉపాయమే. బూల్ శిల్పి చేసినదియు అదే. అప్పుడు గంటలు తగ్గును గనుక వెలయు నిజముగానే తగ్గును.

ఆటవస్తువుల విషయమున మాత్రము తొందరపడరాదు. 2020లో వెలువడి 2021 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము 14 సంవత్సరములలోపు పిల్లల ఆటబొమ్మలకు ప్రామాణిక ముద్ర ఉండవలెను. నమోదైన చేతివృత్తులవారికి, భౌగోళిక సూచిక పొందిన బొమ్మలకు మినహాయింపు కలదు; అభిరుచికి చేయువారికి లేదు. ఇది కఠినముగా తోచవచ్చును. కాని పసిబిడ్డ చేతికిచ్చినది తిన్నగా నోటికి పోవును. రంగులో సీసమున్నదో లేదో, చిన్న చక్రము ఊడి గొంతున పడునో పడదో ఎవరో ఒకరు చూడవలసినదే. పేరుపలకలకు, గోడ అలంకారములకు ఈ చిక్కు లేదు.

పొట్టు సంగతి కూడ చెప్పవలెను. సన్నని బ్లేడునుండి రాలునది పిండివంటి పొడి. కొయ్యపొడి దీర్ఘకాలము పీల్చినచో ముక్కు లోపల పుండుపుట్టించు క్యాన్సరునకు కారణమగునని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ణయించినది. పొడిలో ప్లైవుడ్ జిగురు కూడ చేరియుండును. కావున ముక్కునకు మంచి ముసుగు, కండ్లకు అద్దములు లేక రంపమును పట్టరాదు. తలుపులు మూసిన పడకగదిలో కోయరాదు. ముసుగు ఖరీదును కూడ వెలలో కలుపవలెను. దానిని విడిచిపెట్టి చవుకగా అమ్మువాడు తన ఊపిరిని అమ్ముచున్నాడు.

ఇక పేరు వచ్చిన పిదప కలుగు కష్టమొకటి కలదు. ఫిబ్రవరి మాసమున, పరీక్షలు దగ్గఱపడుచుండగా, పరిచయస్థు లెవరో వచ్చి, గృహప్రవేశమునకు వచ్చువారికి పంచుటకై ఒకేరీతి తాళపుచెవుల కొయ్యలు నలువది కావలెనందురు. డబ్బు ముందే ఇత్తురు. మొదటి మూడింటిని బాలుడు ఇష్టముతో కోయును; పదవదానిని గడియారము చూచుచు కోయును; ఇరువదవనాటికి రంపమును చూచినంతనే విసుగు పుట్టును. తండ్రి సాయము చేయును, చెల్లెలు గరుకు కాగితము రుద్దును, రాత్రులు దీపములు వెలుగును, లెక్కల పుస్తకము తెఱవబడదు. జాకీర్ హుస్సేన్ సంఘము హెచ్చరించినది ఇట్టి రాత్రిని గూర్చియే. అట్టి పని రోజంతయు యంత్రము నడపు వడ్రంగికి తగినది. అతనికి అది ఒక వారపు జీవనము. బోయిగూడ కలప అడితీలలో విచారించినచో అట్టివాని జాడ చెప్పుదురు. బాలుడు తాను గీచిన నమూనా కాగితమును, దానికొక న్యాయమైన వెలను కట్టి, వచ్చినవారి చేతికిచ్చి, వారిని అటు పంపవచ్చును.